చివరిసారి బాగున్న చోటికి

ఆ రోజుల్లో గుంటూరులో కంప్యూటర్‌కి ఏ జబ్బు చేసినా మందు ఒక్కటే, ఫార్మాట్. తుమ్మితే ఫార్మాట్, దగ్గితే ఫార్మాట్. ప్రింటర్ కాగితం మింగినా, మౌసులో దుమ్ము చేరి బాణం గుర్తు కదలకపోయినా, జేబులో సీడీ వేసుకుని ఒకడు దిగేవాడు, తెర వంక చూసి పెదవి విరిచేవాడు, "విండోస్ పోయిందండీ, ఫార్మాట్ కొట్టాలి" అనేవాడు. ఎలుకలు పడ్డాయని కొంప తగలబెట్టుకోమనే వైద్యం ఇది! తగలబెట్టాక ఎలుకలుండవు, నిజమే. కొంప కూడా ఉండదు. ఆ సంగతి ముందుగా చెప్పే పుణ్యాత్ముడు ఊళ్లో ఒక్కడూ కనపడేవాడు కాదు.

బ్రాడీపేటలో షారోను డీటీపీ సెంటర్ నడిపే రెబ్కాకి ఇదంతా తెలియక కాదు. పెళ్లికార్డుల నుంచి సువార్త సభల కరపత్రాల దాకా, కమిషన్ కొట్ల లెటర్‌హెడ్ల నుంచి కోచింగ్ సెంటర్ల ప్రశ్నపత్రాల దాకా ఆమె వేళ్ల మీదుగా పోనిది లేదు. తెలుగు టైపు ఆమె కొడుతుంటే పక్కవాళ్లకు వడగళ్లవాన పడుతున్నట్టు వినపడేది. అంత పనిమంతురాలూ ఆ రోజు తన సిస్టాన్ని చేజేతులా ఫార్మాట్‌కి అప్పజెప్పబోయింది. భయం పట్టినప్పుడు బుద్ధి ఎక్కడ పనిచేస్తుంది?

ఆ భయం కంప్యూటర్ గురించి కాదు, అందులో ఉన్న పుస్తకం గురించి. ఆ పుస్తకం జయరావు మాస్టారిది.

జయరావు మాస్టారు సత్తెనపల్లిలో తెలుగు పాఠాలు చెప్పి రిటైరయిన మనిషి. తండ్రి పాలేరు, తల్లి కూలికి పోయేది. ఆయన పద్యం నేర్చుకున్నది బడిలోనే గానీ, భాష నేర్చుకున్నది పత్తిచేలో, మిరపకల్లంలో. సెలవురోజు వస్తే సైకిలెక్కి ఊళ్లు తిరిగేవారు. కలుపు తీసే ఆడవాళ్ల పక్కన గట్టు మీద కూర్చుని వాళ్ల మాటలు వినేవారు. రాసుకునే అలవాటు లేదు. ఎందుకు రాసుకోవాలి? ఒకసారి ఆయన చెవిలో పడ్డ మాట మళ్లీ బయటికి పోయేది కాదు. ఏ ఊళ్లో, ఏ చేను గట్టు మీద, ఎవరి నోట విన్నారో కూడా చెప్పేవారు. అంత జ్ఞాపకం ఉన్న మనిషికి దేవుడు చూపు లేకుండా చేశాడు. నీటికాసుల జబ్బు. రిటైరయిన కొన్నాళ్లకే రెండు కళ్లూ పోయాయి. బ్రాడీపేటలో కూతురి ఇంటికి చేరారు.

చూపు పోయాక ఆయనకు దిగులు పట్టుకుంది. దిగులు కళ్ల గురించి కాదు. తన నెత్తిలో ఉన్న మాటలన్నీ తనతోపాటే మట్టిలో కలిసిపోతాయే అని. కూతురు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి రెబ్కా ముందు కూర్చోబెట్టింది. ఆ రోజు నుంచీ ఆయన చెబుతారు, రెబ్కా కొడుతుంది. రెండు మిరప సీజన్లు గడిచాయి. అకారంతో మొదలుపెట్టి వరసగా వచ్చి వచ్చి పకారంలో పడ్డారు. పుస్తకం పేరు 'పల్నాటి చేల మాటలు'.

ఆయన చెబుతుంటే వినాలండీ! మామూలు నిఘంటువులా మాట, దాని పక్కన అర్థం, అలా కాదు. "అడుసు" అనే ఒక్క మాట దగ్గరే ఒక పూట గడిచింది. "బురద వేరు, అడుసు వేరు, రొంపి వేరు రెబ్కమ్మా. బురద వాన చేస్తుంది. అడుసు మనిషి తొక్కి తొక్కి చేస్తాడు, నాటు కోసం. రొంపి ఎవరు చేస్తారో తెలీదు గానీ, అందులో దిగబడితే ఇంకోడు చెయ్యిస్తే గానీ పైకి రాలేం" అనేవారు. రెబ్కా తల్లి జీవితమంతా అడుసు తొక్కింది. అమ్మ పాదాలకు ఇంత చరిత్ర ఉందని రెబ్కాకి ఆ పూటే తెలిసింది. అప్పటి నుంచీ మాస్టారంటే ఆమెకు భక్తి. వీధిలో మిరపకాయల లారీ పోతే షాపులో అందరూ తుమ్ముతుంటే, ఆయన మాత్రం ముక్కు ఎగబీల్చి "తాలుకాయలు కలిపాడు వెధవ" అనేవారు. ఆ మాట నిజమో కాదో చూసొచ్చినవాళ్లు లేరు గానీ, అబద్ధం అనేంత ధైర్యం కూడా ఎవరికీ లేకపోయింది.

ఇక రెబ్కా చేసిన పొరపాటు సంగతి. ఇలాంటి పొరపాటు తెలుగు డీటీపీ వాళ్లు తప్ప లోకంలో ఇంకెవరూ చేయలేరు. తెలుగువాడికి భాష ఒక్కటే గానీ, కంప్యూటర్లో తెలుగులు బోలెడు. ఒక ప్యాకేజీలో కొట్టింది ఇంకో ప్యాకేజీలో తెరిస్తే పిచ్చిగీతలు, చిల్లర గుర్తులు. పుస్తకం వేయడానికి ఒప్పుకున్న విజయవాడ ప్రెస్ వాళ్లు తమ దగ్గరున్న తెలుగులోనే పేజీలు కావాలన్నారు. రెబ్కా ఆ ప్యాకేజీ సీడీ ఎవరి దగ్గరో కాపీ తెచ్చుకుంది. పాతది తీయకుండానే దానిమీద కొత్తది ఎక్కించింది. పాతది తీస్తే మాస్టారి పేజీలు తెరుచుకోవేమోనని జాగ్రత్త పడిందనుకోండి. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని అమ్మమ్మల కాలం నుంచీ చెబుతూనే ఉన్నారు. ఎవరు విన్నారు?

కొత్త ప్యాకేజీ ఎక్కింది. సిస్టం ఒకసారి ఆపి మళ్లీ వేయమంది. వేసింది. పాస్‌వర్డ్ అడిగే గడి వచ్చింది. రెబ్కా కొట్టింది. గడిలో ఏమీ పడలేదు. మళ్లీ కొట్టింది. ఏమీ లేదు. మౌసు కదులుతోంది, బాణం గుర్తు తెర మీద చక్కగా తిరుగుతోంది, కీబోర్డు మాత్రం శవంలా పడుంది. ఆ పాస్‌వర్డ్ పెట్టింది కూడా ఆమే. భోజనానికి ఇంటికెళ్తే పక్క షాపువాళ్లు వచ్చి పేకాట గేమ్ ఆడుకుంటున్నారని పెట్టుకున్న తాళం అది. ఇప్పుడు తన ఇంటికి తనే బయట నిలబడింది.

మరి ఫ్లాపీల్లో కాపీలు తీసుకోలేదా అంటే, తీసింది. మొదట్లో. ఒక వేసవి ఎండ తగిలాక ఆ ఫ్లాపీలు ఒక్కటీ తెరుచుకోలేదు. మళ్లీ తీద్దాం, ఈ వారం తీద్దాం, పకారం అయిపోయాక తీద్దాం అనుకుంటూనే రోజులు గడిపేసింది.

ఫోన్ చేస్తే చైతన్యకృష్ణ వచ్చాడు. హార్డ్‌వేర్ కోర్సు చేసి అదే వీధిలో సర్వీసు సెంటర్ పెట్టుకున్నవాడు. మంచివాడే, పిలిస్తే పలుకుతాడు, ఎవరిమీదా విసుక్కోడు. వస్తూ వస్తూ కొత్త కీబోర్డు తెచ్చి తగిలించాడు. అదీ పలకలేదు. ఇంకొకటి తగిలించాడు. అదీ అంతే.

"కీబోర్డు కాదక్కా. విండోస్ పోయింది. ఫార్మాట్ కొట్టాలి."

"మరి లోపలున్నవి?"

"డి డ్రైవ్‌లో ఏమన్నా పెట్టావా?"

"డి డ్రైవ్ ఎక్కడిదిరా? అన్నీ సి లోనే."

"అయితే పోతాయి మరి." బస్సు వెళ్లిపోయిందన్నంత తేలిగ్గా అన్నాడు. "సీడీ తెస్తా, ఇప్పుడే వస్తా" అని బండెక్కి పోయాడు.

ఇదంతా జరుగుతుంటే జయరావు మాస్టారు ఫ్యాను కింద తన కుర్చీలోనే ఉన్నారు. చేతికర్ర మోకాళ్ల మధ్య పెట్టుకుని అన్నీ విన్నారు.

"ఏడుస్తున్నావా రెబ్కమ్మా?"

"లేదండీ."

"నీ గొంతు చెబుతోందిలే. ఎందుకమ్మా ఏడుపు? పోతే పోయింది. మిషన్‌లో ఉన్నది పోయింది గానీ, నా బుర్రకెవడు ఫార్మాట్ కొడతాడు? కాగితం తీసుకో. మళ్లీ అకారం నుంచి మొదలెడదాం. ఈసారి ఇంకా బాగా చెబుతా చూడు!"

ఎంతటి మనిషి! రెండేళ్ల కష్టం పోతోందని తెలిసి, ఒక్క మాట కూడా తిట్టకుండా, మళ్లీ చెబుతానంటున్నారు. రెబ్కా కళ్లు తుడుచుకుంది. పెన్ను తీసింది. ఆయన గొంతు సవరించుకుని మొదలుపెట్టారు.

"అంబలిపొద్దు. పొద్దున చేలోకి దిగిన కూలివాళ్లు గట్టెక్కి అంబలి తాగే వేళ. గడియారం లేనివాళ్ల గడియారం అది." రెబ్కా రాసుకుంది. "అదను. అదనంటే కాలం కాదమ్మా. కాలం అందరికీ వస్తుంది, అదను తెలిసినవాడికే వస్తుంది." అదీ రాసుకుంది. "అరక," అన్నారు. అరక గురించి చెప్పారు. ఎద్దుల గురించి, కాడి గురించి చెప్పారు. తర్వాత అలుగు దగ్గరికి వెళ్లారు.

రెబ్కా పెన్ను ఆగిపోయింది. అడుసు ఏది? అదనుకి ముందు అడుసు రావాలి కదా. ఒక పూటంతా చెప్పిన అడుసు, అమ్మ పాదాల అడుసు, ఆయన దాన్ని దాటేసి వెళ్లిపోయారు. సరే, మరిచిపోయారులే, మనుషులన్నాక ఒక మాట జారిపోదా అనుకుంది. ఇంతలో మాస్టారు మళ్లీ అన్నారు, "అదను. అదనంటే కాలం కాదమ్మా. కాలం అందరికీ వస్తుంది..."

అవే మాటలు. అదే నవ్వు. ఇంతకుముందే చెప్పానన్న సంగతి ఆ ముఖంలో ఎక్కడా లేదు.

ఇన్నాళ్లూ రోజూ పక్కనే కూర్చుంది, ఎందుకు తెలియలేదు? ఎలా తెలుస్తుంది, రోజూ కొత్త మాటలు చెబుతున్నారాయె. ఏది రాలేదో ఎవరికి తెలుసు? పాత మాటలు మళ్లీ చెప్పమంటే గానీ బయటపడలేదు. ఆయన నెత్తిలోంచి మాటలు ఒక్కొక్కటే జారిపోతున్నాయి. ఆ సంగతి ఆయనకు తెలియదు. అంటే ఆ పుస్తకం ఇప్పుడు లోకంలో ఒక్కచోటే ఉంది, చైతన్యకృష్ణ ఫార్మాట్ కొట్టబోతున్న ఆ డబ్బాలో. ఆయన రెండోసారి చెప్పిన అదనుని కూడా రెబ్కా బుద్ధిగా రాసుకుంది.

చైతన్యకృష్ణ సీడీతో వచ్చాడు. పెట్టాడు. తెర నీలంరంగులోకి మారింది, తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి. వాడు ఒక మీట నొక్కాడు, పేజీ మారింది. ఇంకొకటి నొక్కాడు, మళ్లీ మారింది. రెబ్కా వాడి వెనకాల నిలబడి ప్రార్థన చేసుకుంటోంది. చేసుకుంటూనే వాడి వేళ్ల వంక చూస్తోంది. పొద్దస్తమానం కీబోర్డు మీద బతికే మనిషి కదా, చూపు అక్కడికే పోతుంది.

"ఒరేయ్, ఆగు."

"ఏందక్కా?"

"కీబోర్డు పలకడం లేదన్నావు. మరి ఇప్పుడెట్టా పలుకుతోంది?"

చైతన్యకృష్ణ కీబోర్డు వంక చూశాడు, తెర వంక చూశాడు. "ఇది సీడీలోంచి కదక్కా. అది వేరు, ఇది వేరు."

"వేరేంది? అదే కీబోర్డు, అదే డబ్బా. ఇక్కడ బాగానే ఉన్నది అక్కడెందుకు బాగోలేదు?"

"ముందు ఫార్మాట్ కానీ అక్కా, అన్నీ అవే సర్దుకుంటాయి." వాడి వేలు ఎంటర్ మీట మీదికి పోయింది. రెబ్కా ఇంకేమీ ఆలోచించలేదు. వంగి, డబ్బా వెనకాల ఉన్న కరెంటు వైరు పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. తెర నల్లబడింది.

ఆ తర్వాత ఆమె చేసిన పని ఫోన్ తీసి నసీమున్నీసాకి కొట్టడం. ముందే ఎందుకు కొట్టలేదంటే, ఆవిడ నోటికి జడిసి. నాలుగో లైను వీధిలో మేడ మీద ఆవిడ కంప్యూటర్ క్లాసులు చెబుతుంది, కింద రిపేర్లు చేస్తుంది. ఇంజనీరింగ్ చదివిన మనిషి. తనకు వచ్చిన విద్య తనకు వచ్చని పదిమందికీ వినపడేలా చెప్పగలదు. చెప్పినందుకు తగ్గ పనీ చేసి చూపించగలదు. బ్యాంకులవాళ్లు, ఆసుపత్రులవాళ్లు వచ్చి ఆవిడ మెట్ల మీద కూర్చునేవారు. తిట్లు పడేవారు, పని చేయించుకు పోయేవారు.

సంగతి వినగానే ఫోన్‌లోనే ఉరిమింది. "ఎవరూ ముట్టుకోవద్దు. నేనొచ్చేలోపు స్విచ్ వేశారో, చేతులు విరగ్గొడతా!"

స్కూటీ దిగి, చెమట తుడుచుకుంటూ లోపలికొచ్చి, ముందు మాస్టారికి నమస్కారం చెప్పి, తర్వాత అందరినీ వరసగా చూసింది. "ఏం చేశావో మొదట్నించీ చెప్పు రెబ్కా. దాచుకోకుండా చెప్పు."

రెబ్కా చెప్పింది. నసీమున్నీసా నెత్తి కొట్టుకుంది.

"రెండు తెలుగులు ఒకదానిమీద ఒకటి ఎక్కించావా? అమ్మా తల్లీ! ఇంట్లో ఇద్దరత్తలు చేరి కోడలికి చెరో పని పురమాయిస్తే ఏమవుతుంది? కోడలు ఎవరి మాటా వినకుండా మూల కూర్చుంటుంది. నీ కీబోర్డు చేసింది అదే. విండోస్ లేచేదాకా అది బాగానే ఉంటుంది, అందుకే సీడీ పెడితే పలికింది. విండోస్ లేవగానే ఇద్దరత్తలూ వచ్చి మీద పడతారు. ఎంత మంచి ప్రశ్న వేశావే, ఇక్కడెందుకు పలుకుతోందని! అదే అడగకపోయుంటే ఈపాటికి నీ పుస్తకం గంగపాలు."

రెబ్కాకి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. నసీమున్నీసా నోట పొగడ్త విన్నవాళ్లు బ్రాడీపేటలో లేరు.

"ఇప్పుడొక్క మాట చెప్పు," అని నసీమున్నీసా గొంతు తగ్గించింది. "ఆ సీడీ ఎక్కించి మళ్లీ వేశాక, ఎవరన్నా లోపలికెళ్లారా? పాస్‌వర్డ్ కొట్టి?"

"ఎట్టా వెళ్తామండీ, కొట్టనిస్తేగా?"

"ఒక్కరూ వెళ్లలేదా?"

"ఒక్కరూ వెళ్లలేదు."

"బతికాం." నసీమున్నీసా కుర్చీ లాక్కుని కూర్చుంది. "విను. సిస్టం వేసి, మనం పాస్‌వర్డ్ కొట్టి లోపలికి అడుగుపెట్టినప్పుడల్లా అది 'ఇవాళ నేను బాగున్నాను, ఇదిగో ఇలా ఉన్నాను' అని తన సర్దుబాటంతా గుర్తుపెట్టుకుంటుంది. మళ్లీ వెళ్తే కొత్త గుర్తు పెట్టుకుని పాతది చెరిపేస్తుంది. ఆ సీడీ ఎక్కించాక నువ్వు లోపలికి పోయుంటే, ఈ రోగాన్నే ఆరోగ్యం అనుకుని గుర్తుపెట్టుకునేది. పోలేదు కాబట్టి, దానికి చివరిసారి బాగున్న రోజు ఇంకా గుర్తుంది. అక్కడికి తీసుకుపోతా."

చైతన్యకృష్ణ నోరు తెరుచుకుని వింటున్నాడు. "ఇది మాకు కోర్సులో చెప్పలేదు మేడం."

"చెప్పే ఉంటారు. నువ్వప్పుడు టీ తాగడానికి పోయుంటావు. అది సరే, ఎంటర్ నొక్కావా?"

"అదే మేడం..." వాడి ముఖం పాలిపోయింది. "నొక్కబోతుంటే అక్క వైరు లాగింది. నొక్కానో లేదో నాకు తెలీదు."

నసీమున్నీసా ఆ ఒక్క మాటకి తిట్టలేదు. నొక్కి ఉంటే, వెనక్కి వెళ్లడానికి వెనక ఏమీ ఉండదు. నసీమున్నీసా అయినా ఏం చేస్తుంది?

"వెనక్కి పోతే పుస్తకం కూడా వెనక్కి పోతుందా అండీ?" అని అడిగింది, ఏదో ఒకటి అడగాలని. "నిన్నమొన్న కొట్టిన పేజీలు పోతాయా?"

"పోవు. ఇల్లు సర్దిన తీరు పాతదవుతుంది, అంతే. బీరువాలో చీరలు ఎక్కడివక్కడే ఉంటాయి. ఇల్లంటూ ఉంటే."

వైరు తగిలించింది. స్విచ్ వేసింది. తెర మీద అక్షరాలు రాకముందే ఎఫ్ ఎనిమిది మీట మీద వేలు పెట్టి టకటకటకా కొట్టడం మొదలుపెట్టింది. చైతన్యకృష్ణ కళ్లు మూసుకున్నాడు. మాస్టారు చేతికర్ర మీద గడ్డం ఆనించి ఆ టకటక వింటున్నారు.

నల్లటి తెర మీద తెల్లటి వరసలు వచ్చాయి. నసీమున్నీసా ఒక్కసారి కుర్చీలో వెనక్కి వాలింది. "నొక్కలేదురా అబ్బాయ్. నొక్కి ఉంటే ఇది వచ్చేది కాదు. అక్క కాళ్లకి దణ్ణం పెట్టుకో."

బాణం మీట నొక్కుకుంటూ ఒక వరస దగ్గర ఆపింది. లాస్ట్ నోన్ గుడ్ కాన్ఫిగరేషన్ అని ఉందక్కడ. చివరిసారి బాగున్న తీరు. ఎంటర్ కొట్టింది. సిస్టం గురగురమని కాసేపు గొణిగింది. ఎంతో పెద్ద విద్య ఇది, చేయించిన వేళ్లు మాత్రం ఉప్పు చిటికెడు వేసినంత సునాయాసంగా చేయించాయి. పాస్‌వర్డ్ గడి వచ్చింది. నసీమున్నీసా కుర్చీలోంచి లేచి రెబ్కాకి చోటిచ్చింది.

"కొట్టు."

రెబ్కా కొట్టింది. గడిలో ఒక చుక్క పడింది. ఇంకో చుక్క. ఇంకోటి. ఎన్నో వేల పేజీలు కొట్టిన ఆమెకి ఒక్క మీట నొక్కితే ఒక్క చుక్క పడటం ఇంత అందంగా ఉంటుందని అప్పటిదాకా తెలియదు. తలుపు తెరుచుకుంది. పాత తెలుగు పాత చోటే ఉంది. కొత్త తెలుగు తోక ముడుచుకుంది. 'పల్నాటి చేల మాటలు' అకారం నుంచి పకారం దాకా పదిలంగా ఉంది. రెబ్కా లేచి నసీమున్నీసాని కౌగలించుకుంది.

"చాల్లే, చీర నలుగుతుంది," అని ఆవిడ విసుక్కుంది గానీ వదిలించుకోలేదు. "సాయంత్రం ఇది మా సెంటర్‌కి పట్టుకురా. పుస్తకం సీడీలో రాసిస్తా, రెండు కాపీలు. ఒరేయ్ చైతన్యా, నువ్వూ రా. డిస్కు విప్పి ఇంకో సిస్టానికి తగిలించి ఫైళ్లు తీయడం నేర్పిస్తా. ఊరికే ఫార్మాట్, ఫార్మాట్ అని ఊరంతా తగలబెట్టకుండా." చైతన్యకృష్ణ అప్పుడే వస్తానన్నట్టు తలూపాడు. వాడి కళ్లలో ఆవిడంటే అప్పటికే ఆరాధన మొదలైంది.

"దొరికిందా అమ్మా?" అన్నారు మాస్టారు.

"దొరికింది మాస్టారూ! అంతా ఉంది."

"నాకెట్టా తెలుస్తుంది? చదువు, వింటాను."

రెబ్కా ఆఖరి పేజీకి వెళ్లింది. నిన్నగాక మొన్న కొట్టిన మాట అక్కడ ఉంది. గొంతు సరిచేసుకుని చదివింది.

"పరిగె. కోత కోసి, మోపులెత్తుకుపోయాక చేలో మిగిలిన వరి వెన్ను. చేను ఎవరిదైనా పరిగె మాత్రం వంగి ఏరుకున్నవాళ్లది. కోసేవాళ్ల గుప్పిట్లోంచి ఒక్కో వెన్ను జారిపోతుంటుంది. జారిపోవడం చేతకానితనం కాదు. వెనకాల వచ్చే ముసలమ్మ కోసం ఒకటి వదలడం కోత నేర్చుకున్న రోజే నేర్చుకుంటారు."

మాస్టారు చేతికర్ర మీద ముందుకు వంగారు. "మళ్లీ చదువు," అన్నారు. రెబ్కా మళ్లీ చదివింది. ఆయన ముఖం వెలిగిపోయింది.

"ఆహా! ఎంత బాగా చెప్పారమ్మా! ఎవరు చెప్పారు?"

అంత నోరున్న నసీమున్నీసా రెబ్కా వంక చూసి ఊరుకుంది. రెబ్కాకి అబద్ధం చెప్పాలనిపించింది. ఎవరో కూలి ముసలమ్మ చెప్పిందంటే పోయేది. కానీ ఆ మాట ఆయనది. ఆయనకు దక్కాల్సిన పేరు ఇంకొకరికి ఇవ్వడానికి మనసొప్పలేదు.

"మీరేనండీ మాస్టారూ. మొన్న చెప్పారు."

"నేనా?"

నవ్వబోయి ఆగారు. చేతికర్ర మీద వేళ్లు బిగిశాయి. గుర్తు తెచ్చుకోవడానికి ఎక్కడెక్కడో వెతుకుతున్నట్టు చూపులేని కళ్లు అటూ ఇటూ కదిలాయి. ఏమీ దొరకలేదు. ఆయనకి అర్థమైందని రెబ్కాకి తెలిసిపోయింది. తర్వాత ఆయన వేళ్లు మెల్లగా సడలాయి. ఎవరో తోటి పండితుణ్ణి మెచ్చుకున్నట్టు తల ఊపారు.

"భలే మనిషమ్మా ఆయన," అన్నారు. "ఇంకా ఏమేం చెప్పాడో చదువు."

రెబ్కా కుర్చీ ఆయన దగ్గరికి జరుపుకుని, మొదటి పేజీ తెరిచి, చదవడం మొదలుపెట్టింది.